చేవ తగ్గిన పెరటి మట్టికి కంపోస్టు, రాలిన ఆకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు కట్టాక మిగిలిన గట్టి నేలలో మొక్కలు పెట్టినవాళ్లు, ఏళ్ల తరబడి ఎరువు ముఖం చూడని పెరడు ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి. చాలామంది తప్పు చేసేది అక్కడే కాబట్టి వాటిని కుదించలేదు.

మా మట్టిలో చేవ లేదని ఎలా తెలుస్తుంది?

ఒక గాజు గ్లాసు, నీళ్లు చాలు. బాగా ఎండిన మట్టిపెళ్ల, గోలీకాయంతది, తీసుకుని నీళ్లలోకి మెల్లగా వదలండి. వదిలిన అరనిమిషానికే బుడగలు పొంగి, అంచులు జారిపోయి, మొత్తం బురదై అడుగున కూర్చుందంటే ఆ మట్టిరేణువులను పట్టి ఉంచే జిగురు కరువైందన్నమాట. ఆ జిగురు వేళ్లు, సూక్ష్మజీవులు, బూజు దారాలు కలిసి తయారుచేసేది. పది నిమిషాలైనా పెళ్ల ఆకారం చెడకుండా నిలిచిందంటే మీ నేలలో ప్రాణం ఉంది. ఇసుక నేలలో వదలడానికి పెళ్లే దొరకదు, ఆ నేలకు జవాబు అదే.

ఇంకో పరీక్ష వాన పడ్డ రెండు మూడు రోజులకు చెయ్యాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతున మట్టి తీసి ఒక గోనెసంచి మీద పోసి వానపాములను లెక్కపెట్టండి. పది కనిపిస్తే సంతోషించవచ్చు. ఎండాకాలంలో ఇది చెయ్యకండి. అప్పుడవి లోతుకు దిగిపోతాయి, మీరు అనవసరంగా దిగులుపడతారు.

మాది బంకమట్టో, ఇసుకమట్టో తేల్చుకోవడం ఎలా?

మూత ఉన్న గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు బట్టల సబ్బుపొడి వేసి బాగా గిలకొట్టి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో దిగిపోతుంది. ఒండ్రు దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. బంక కణాలు 0.002 మిల్లీమీటరు కన్నా చిన్నవి, అందుకే పైన నీళ్లు ఒకటి రెండు రోజులైనా మురికిగానే ఉంటాయి. పొరలను స్కేలుతో కొలిస్తే దేని పాలు ఎంతో తెలిసిపోతుంది.

బంకమట్టికీ, ఇసుకమట్టికీ ఒకే మందా? కంపోస్టు రెండింటికీ ఎలా పనికొస్తుంది?

పనికొస్తుంది, కానీ పని వేరు. మొక్కలకు నచ్చే మట్టిలో సగమే మట్టి, మిగతా సగం ఖాళీ. ఆ ఖాళీలో సగం నీళ్లు, సగం గాలి ఉండాలి. ఇసుకలో ఖాళీలు పెద్దవి, పోసిన నీళ్లు పోసినట్టే జారిపోతాయి. అక్కడ కంపోస్టు స్పాంజిలా నీళ్లు పట్టుకుంటుంది, పోషకాలు కొట్టుకుపోకుండా ఆపుతుంది. బంకలో ఖాళీలు మరీ చిన్నవి. వానకు జిగటగా, ఎండకు నెర్రెలు విచ్చి రాయిలా ఉంటుంది. అక్కడ కంపోస్టు చేసేది కణాలను చిన్న చిన్న గుళికలుగా గుదిగుచ్చడం. గుళికల మధ్య గాలి ఆడుతుంది, వేరు దూరుతుంది.

కంపోస్టు అనగానే అందరూ "ఇందులో ఎంత బలం ఉంది?" అని అడుగుతారు. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. ముందు నేల గుల్లబారాలి.

బంకమట్టిలో ఇసుక కలిపేస్తే త్వరగా గుల్లబారదా?

వద్దు. ఇసుక రేణువుల సందుల్లో బంక దూరి ఇంకా గట్టిపడుతుంది. ఇసుకతో నిజంగా మార్పు రావాలంటే మొత్తం మట్టిలో సగానికి పైగా ఇసుకే ఉండాలి. అంత ఇసుక మోసే ఓపిక ఉంటే అదే ఓపికతో ఆకులు మోసుకురండి.

రాలిన ఆకులు, కంపోస్టు: రెండూ ఒకటే కదా?

కాదు. పచ్చి చెత్త, ఎండు చెత్త కలిపి కుప్ప పోస్తే ప్రధానంగా బాక్టీరియా పనిచేస్తుంది, కుప్ప వేడెక్కుతుంది, కొన్ని నెలల్లో పని అయిపోతుంది. వట్టి ఎండుటాకులను మాగబెడితే పని ఎక్కువగా శిలీంధ్రాలది. వేడి పుట్టదు, నిదానంగా సాగుతుంది, చివరికి నల్లగా, మెత్తగా, అడవిలో వాన పడ్డాక వచ్చే వాసనతో ఆకుపెంట దిగుతుంది. ఇందులో నత్రజని తక్కువే. నీళ్లు పట్టి ఉంచడంలో మాత్రం దీనికి సాటి వచ్చేవి తక్కువ, తన బరువుకు ఎన్నో రెట్లు పీల్చుకుంటుంది. నాకు చోటుంటే రెండూ వేరువేరుగా చేస్తాను. కూరగాయల మడులకు కంపోస్టు. నారు పోసే మట్టికి, పూలమొక్కల పాదులకు ఆకుపెంట.

ఆకుపెంట చెయ్యడం ఎలా?

ఇంతకన్నా తేలికైన ఎరువు లేదు, ఇంతకన్నా ఓపిక కావాల్సిన ఎరువూ లేదు. కోళ్లకు కట్టే ఇనుప వలను మూడడుగుల వెడల్పున గుండ్రంగా చుట్టి నాలుగు కర్రలకు బిగించండి. ఆకులు నింపుతూ, ప్రతి జానెడు మందానికీ నీళ్లు చల్లుతూ, కాలితో ఒక్కసారి అదమండి. అంతే. వల కూడా లేకపోతే పెద్ద ప్లాస్టిక్ సంచికి అక్కడక్కడ కన్నాలు పొడిచి, తడిపిన ఆకులు కూరి, మూతి కట్టి నీడలో పెట్టండి.

చెడేది ఎక్కడంటే, తడి దగ్గర. ఎండుటాకు మీద నీళ్లు పోస్తే జారిపోతాయి. పైన తడిగా కనిపిస్తుంది, చెయ్యి పెట్టి చూస్తే లోపల కరకరలాడుతుంది. నా మొదటి కుప్ప ఎనిమిది నెలలు అలాగే ఉండిపోయింది. విప్పి చూస్తే మధ్యలో ఆకులు రాలిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, ఈనెలతో సహా. ఇప్పుడు ఆకులను ముందు రోజు రాత్రి తొట్టిలో నానబెట్టి, మర్నాడు పిండి నింపుతున్నాను.

రెండో సంగతి ఆకు సైజు. పెద్ద ఆకులు ఒకదానికొకటి అతుక్కుని అట్టల్లా తయారవుతాయి, మధ్యకు గాలి పోదు. గడ్డి కోసే మెషీనుతో వాటి మీద రెండుసార్లు తిరిగినా, పాత గోనెసంచిలో వేసి కర్రతో బాదినా సరిపోతుంది. వెచ్చగా, తడిగా ఉండే చోట ముక్కలు చేసిన ఆకులు ఆరేడు నెలల్లో మాగుతాయి. చలి ఎక్కువగా ఉండే చోట ముక్కలు చెయ్యకపోతే రెండేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు.

ఏ చెట్టు ఆకులైనా ఫర్వాలేదా?

దాదాపుగా. పలచటి ఆకులు, ముఖ్యంగా కానుగ, మునగ లాంటివి, ఇట్టే చివికిపోతాయి. మామిడి, టేకు లాంటి మందపాటివి ముక్కలు చెయ్యకపోతే మొండికేస్తాయి. యూకలిప్టస్ ఆకుల్లోని నూనెలు పచ్చిగా ఉన్నప్పుడు మొలకలకు మంచివి కావు. వాటిని నేరుగా మడుల్లో పరవకుండా మిగతా ఆకులతో కలిపి పూర్తిగా మాగనిస్తే ఆ దోషం పోతుంది. రోడ్డు పక్కన ఊడ్చిన ఆకుల్లో ప్లాస్టిక్కు, గాజుపెంకులు ఏరడానికి పట్టే సమయం తలచుకుంటే నేను వాటి జోలికి పోను.

కంపోస్టు కుప్పలో ఎండుది ఎంత, పచ్చిది ఎంత?

సూక్ష్మజీవులకు కర్బనం తిండి, నత్రజని ఒళ్లు కట్టుకునే సరుకు. నత్రజని ఒక పాలుంటే కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉన్నప్పుడు అవి జోరుగా పనిచేస్తాయి. ఎండుటాకుల్లో కర్బనం 40 నుంచి 80 పాళ్ల దాకా ఉంటుంది. కోసిన పచ్చిగడ్డిలో 15 నుంచి 20, రంపపు పొట్టులో 300 కన్నా పైనే. కాబట్టి వట్టి ఆకులు నిదానం, వట్టి గడ్డి కంపు, రంపపు పొట్టు మరీ మొండి.

లెక్కలు వేసుకుంటూ కూర్చోవక్కర్లేదు. బకెట్ల కొలతన రెండు మూడు బకెట్ల ఎండుటాకులకు ఒక బకెట్ పచ్చిది: వంటింటి తొక్కలు, కలుపు, పచ్చిగడ్డి, పేడ. కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో మీటరు ఉంటేనే లోపలి వేడి నిలుస్తుంది. చిన్న కుప్ప కూడా మాగుతుంది, కాకపోతే చల్లగా, నిదానంగా. తడి ఎంత ఉండాలంటే, గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కారితే ఎక్కువ, చెయ్యి పొడిగా ఉంటే తక్కువ.

అన్నీ కుదిరితే మూడు నాలుగు రోజుల్లో కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. గడ్డపార లోపల గుచ్చి పది నిమిషాలాగి తీస్తే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. 55 డిగ్రీల పైన కనీసం మూడు రోజులు ఉంటే కలుపు విత్తనాలు చాలావరకు, రోగకారక క్రిములు చస్తాయి. అంచుల్లో అంత వేడి ఉండదు కాబట్టి తిరగేసేటప్పుడు అంచులది లోపలికి, లోపలిది అంచులకు వెయ్యాలి. 70 దాటితే మనకు పనిచేసే జీవులే చనిపోతాయి, వెంటనే తిరగెయ్యండి.

ఇలా పొరలు పేర్చి తిరగేసే పద్ధతికి ఇండోర్ పద్ధతి అని పేరు. ఆల్బర్ట్ హోవార్డ్ అనే బ్రిటిష్ వ్యవసాయ శాస్త్రవేత్త 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసిన కాలంలో దీన్ని రూపుదిద్దాడు. రైతులు అప్పటికే చేస్తున్నదాన్ని గమనించి, కొలతలు పెట్టి, క్రమం కుదిర్చాడు.

కుప్ప కంపు కొడుతోంది. / కుప్ప అసలు వేడెక్కడం లేదు.

కుళ్లిన గుడ్డు వాసనంటే గాలి లేదు, తడి ఎక్కువైంది. ఎండుటాకులు కలిపి తిరగెయ్యండి. ముక్కు మండించే అమ్మోనియా ఘాటంటే పచ్చిది ఎక్కువైంది, మందు మళ్లీ ఎండుటాకులే. వేడెక్కకపోతే ముందు తడి చూడండి, తర్వాత పచ్చిది చాలిందో లేదో చూడండి, ఆ తర్వాత కుప్ప సైజు.

కంపోస్టు త్వరగా కావడానికి అమ్మే కల్చర్ ప్యాకెట్లు కొనాలా?

అక్కర్లేదు. పాత కంపోస్టు రెండు గుప్పెళ్లు చల్లితే అందులో కోట్ల జీవులుంటాయి. సున్నం కూడా వెయ్యకండి, అది నత్రజనిని అమ్మోనియాగా గాల్లోకి పంపేస్తుంది.

ఏవి వెయ్యకూడదు?

మాంసం, నూనె, పాల పదార్థాలు. ఎలుకలొస్తాయి. కుక్క, పిల్లి మలం అసలు వద్దు. వేర్లకు బుడిపెలు కట్టిన టమాటా, వంగ మొక్కలను కూడా కుప్పకు దూరంగా ఉంచండి. ఆ బుడిపెలు నులిపురుగులవి, పెరట్లో చేసే చిన్న కుప్పలో అవి చచ్చేంత వేడి ప్రతిచోటా రాదు.

తయారైందని ఎలా గుర్తుపట్టాలి?

వేసినవి ఏవో పోల్చుకోలేకపోవాలి, తిరగేసినా మళ్లీ వేడెక్కకూడదు, మట్టివాసన రావాలి. అనుమానముంటే కాస్త తడిపి ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూడు రోజులు కట్టిపెట్టండి. విప్పగానే పుల్లటి వాసన కొడితే ఇంకా పచ్చిదే. ముల్లంగి విత్తనాలు పది అందులో, పది మామూలు మట్టిలో వేసి చూడటం ఇంకా నమ్మకమైన పద్ధతి. కంపోస్టులో మూడో నాలుగో మొలిచి ఊరుకున్నాయంటే ఇంకో నెల ఆగండి.

ఎంత వెయ్యాలి?

కొత్తగా బాగుచేస్తున్న నేలకు మొదటి ఏడు 2 అంగుళాల మందం. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు మడికి అది సుమారు 470 లీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్లతో 23, 24. ఇంత కావాలా అని చాలామంది కంగారుపడతారు. కావాలి. చారెడు చల్లి "వేశాను, ఏం తేడా లేదు" అనేవాళ్లే ఎక్కువ. రెండో ఏటి నుంచి అరంగుళం నుంచి అంగుళం చాలు. కుప్ప మాగేసరికి సగానికో అంతకన్నా తక్కువకో దిగిపోతుందని లెక్కలో ఉంచుకుని ఆకులు పోగుచెయ్యండి.

తవ్వి కలపాలా, పైన పరిస్తే చాలా?

నేల గడ్డపార దిగనంత గట్టిగా ఉంటే మొదటిసారి జానెడు లోతు తవ్వి కలపండి. పదునున్నప్పుడే తవ్వాలి. బంకమట్టిని తడిగా ఉండగా తవ్వితే పెళ్లలు ఎండి ఇటుకలవుతాయి. గుప్పెడు మట్టి ముద్ద చేసి వేలితో పొడిస్తే పొడిపొడిగా విరిగిందంటే పదునైనట్టు. తర్వాత ఏళ్లలో పైన పరవడమే నాకిష్టం, కిందికి తీసుకెళ్లే పని వానపాములు చేస్తాయి.

మాగిన కంపోస్టును కలపవచ్చు. మాగని ఆకులను మట్టిలో కలపకూడదు, ఈ తేడా చాలా ముఖ్యం. ఒకసారి తొందరపడి ఎండుటాకులు నేరుగా మడిలో పూడ్చి, వారానికే బెండ విత్తనాలు పెట్టాను. మొలకలు వచ్చాయి, రెండో జత ఆకుల దగ్గర ఆగిపోయాయి, కింది ఆకులు పసుపుపచ్చగా మారాయి. నీళ్లు చాలక అనుకుని ఇంకా నీళ్లు పోశాను. జరిగిందేమిటంటే, ఆకుల్లోని కర్బనాన్ని తినడానికి సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనినంతా వాడేసుకున్నాయి, మొక్కలకు మిగల్లేదు. ఆకులు చివికాక అది తిరిగి మట్టిలోకి వస్తుంది, కానీ ఆ పంట పోయినట్టే. అవే ఆకులు పైన పరిచి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. అక్కడ తగాదా నేల పైపొరకే పరిమితం, వేళ్ల దాకా రాదు.

పైన ఆకులు పరిస్తే చెదలు రావా?

రావచ్చు. ఎండు చెత్త చెదల తిండే. కానీ తినడానికి ఎండుటాకులుంటే పచ్చటి, ఆరోగ్యంగా ఉన్న మొక్క జోలికి మామూలుగా పోవు. నీరు చాలక వాడుతున్న మొక్కలకే ప్రమాదం. ఆకుల పొర రెండు మూడు అంగుళాలకు మించనివ్వకండి, తడి ఆరనివ్వకండి, కాండం చుట్టూ నాలుగు వేళ్ల మేర ఖాళీ వదలండి. కాండానికి ఆనుకుని తడి ఆకులుంటే చెదల కన్నా ముందు మొదలుకుళ్లు వస్తుంది. ఇంటి గోడకు, చెక్క గుమ్మాలకు ఆనించి మాత్రం కుప్ప పొయ్యకండి.

కుప్పలో బొటనవేలంత తెల్లటి పురుగులు ఉన్నాయి. కంపోస్టు పారెయ్యాలా?

పారెయ్యకండి. సగం చుట్టుకుని 'సి' ఆకారంలో పడుకునే ఆ లావు పురుగులు పెంకుపురుగుల పిల్లలు. కుప్పలో అవి తినేది చివికే చెత్తనే. చుట్టుపక్కల కొబ్బరిచెట్లుంటే మాత్రం ఏరెయ్యండి, వాటిలో కొమ్ముపురుగు పిల్లలు ఉండవచ్చు, పెద్దయ్యాక మొవ్వు తొలుస్తాయి. కుండీల్లోకి వేసే కంపోస్టును కూడా జల్లించి వాటిని తీసెయ్యాలి. కుండీలో తినడానికి వేరే ఏమీ లేక వేళ్ల మీద పడతాయి.

ఆకులు కాల్చి బూడిద వేస్తే పని తేలిక కదా?

కర్బనం, నత్రజని పొగలో పోతాయి. మిగిలే బూడిదలో పొటాషియం, కాల్షియం ఉంటాయి. కానీ అది క్షారం, ఎక్కువైతే నేల క్షారగుణం పెరుగుతుంది. నేలను గుల్లబార్చేది కాలిపోయిన భాగమే.

కంపోస్టు వేస్తే ఇక ఎరువులు మానెయ్యవచ్చా?

మొదటి ఏడే మానెయ్యకండి. కంపోస్టులో నత్రజని సాధారణంగా 1 నుంచి 2 శాతం, అందులోనూ మొదటి ఏడాది మొక్కకు అందేది పదో వంతు నుంచి పావు వంతు. ఏటేటా వేస్తూపోతే పాత కంపోస్టు నుంచి వచ్చేది కూడా కలుస్తుంది, అప్పుడు బయటి ఎరువు అవసరం తగ్గుతుంది.

ఎక్కువ వేస్తే నష్టమా?

పేడతో, ముఖ్యంగా కోళ్ల ఎరువుతో చేసిన కంపోస్టు ఏటా దండిగా గుమ్మరిస్తే భాస్వరం, లవణాలు పేరుకుంటాయి. భాస్వరం మితిమీరితే మొక్కకు జింకు, ఇనుము అందవు, లేత ఆకులు పాలిపోతాయి. ఆకుపెంటతో ఆ భయం లేదు. రెండు మూడేళ్లకోసారి మట్టి పరీక్ష చేయిస్తే తెలుస్తుంది.

నేల మీద తెల్లటి పొర తేలుతోంది. కంపోస్టుతో పోతుందా?

కంపోస్టు ఒక్కటే చాలదు. చౌడులో రెండు రకాలున్నాయి. వట్టి లవణాలే అయితే మంచినీళ్లు పెట్టి కిందికి దింపాలి, నీరు బయటికి పోయే దారి ఉండాలి. సోడియం పట్టిన చౌడైతే జిప్సం కూడా కావాలి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేస్తుంది, తర్వాత నీళ్లు దాన్ని కడుగుతాయి. ఏ రకమో పరీక్షలో తేలాకే ఖర్చు పెట్టండి.

బయట కొన్న కంపోస్టును, ఎరువును నమ్మవచ్చా?

మట్టివాసన ఉందా, ప్లాస్టిక్ ముక్కలున్నాయా అని చూడటం సరే. కంటికి కనపడనిది కలుపుమందు. క్లోపిరాలిడ్, అమినోపిరాలిడ్ అనే మందులు చల్లిన గడ్డిని పశువులు తిన్నా ఆ మందు పేడలో అలాగే మిగులుతుంది, కంపోస్టు కుప్పలో కూడా త్వరగా పోదు. ఆ ఎరువు వేస్తే చిక్కుళ్లు, టమాటాలు ముడుచుకుపోతాయి. అందుకే మడికంతా వేసేముందు మూడు కుండీల్లో సగం మట్టి సగం ఆ కంపోస్టు, మూడింటిలో వట్టి మట్టి పోసి చిక్కుడు గింజలు పెట్టండి. మూడు వారాలకు మొదటి మూడింటిలోనే ఆకులు చుట్టుకుపోయి, కాడలు మెలికలు తిరిగితే ఆ లోడు వెనక్కి పంపండి.

ఎన్నాళ్లకు తేడా కనిపిస్తుంది?

నీళ్లు ఇంకడంలో తేడా మొదటి పంటకాలంలోనే తెలుస్తుంది. పైన ఆకులు పరిచిన మడి వానకు అట్టకట్టదు, నీళ్లు పెట్టాల్సిన రోజుల మధ్య ఎడం పెరుగుతుంది. గుళికలు కట్టడం రెండో ఏడు మొదలవుతుంది. జానెడు లోతు దాకా నలుపు దిగాలంటే నాలుగైదేళ్లు. వేడి ప్రాంతాల్లో సేంద్రియ పదార్థం త్వరగా చివికి కరిగిపోతుంది, అక్కడ ఒక్క ఏడు మానేసినా వెనక్కి జారడం కనిపిస్తుంది. మొదట్లో చేసిన గ్లాసు పరీక్షను ఏటా అదే నెలలో, అదే మడి మట్టితో మళ్లీ చెయ్యండి. పెళ్ల ఎన్ని నిమిషాలు నిలిచిందో గోడమీది క్యాలెండర్లో ఆ తేదీ గడిలో రాసిపెట్టుకోండి.